నలభై కిలోల కేటగిరీ పోగొట్టిన బేరం

ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, ఒకే ఒక్క మీటింగులో రాష్ట్ర కమిటీ మెడలు వంచి, బాలికల కుస్తీలో కొట్టేయబోయిన బరువు కేటగిరీని నిలబెట్టినవాణ్ణి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే. కావాలంటే ఎవర్నైనా అడగండి. ఆ కేటగిరీ అన్నిటికంటే పెద్దది, డెబ్బై కిలోలు దాటిన అమ్మాయిలది. అందులో పోటీకి దిగడానికి ఆ ఏడాది మా జిల్లాలో ఉన్న అమ్మాయిలు ఒకరు. ఆ ఒకరికీ కుస్తీ మీద పెద్ద ఇష్టం లేదు.

మీరంతా ఇప్పుడిప్పుడే మెడలో విజిల్ వేసుకున్నవాళ్ళు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఏదో చెబుతున్నాడని విసుక్కోకుండా ఇదొక్కటీ వినండి. మధ్యలో ఫోన్ చూసుకున్నా నేనేమీ అనుకోను. మీటింగుల్లో నేనూ అదే పని చేశాను.

నేను పుట్టింది నిడదవోలులో, కిరాణా కొట్టు వెనక గదిలో. మా నాన్న, పెదనాన్నలు, మేనమామ, అందరూ కొట్లవాళ్ళే. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఎవరూ ‘పప్పు వెయ్యి’ అనేవారు కారు. ‘కూర బాగానే ఉన్నట్టుంది, పప్పు ఎవరికైనా మిగిలిందా?’ అనేవారు. కావాల్సినదాన్ని నేరుగా అడిగితే దాని ధర పెరుగుతుందన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. కొట్టుకొచ్చేవాళ్ళూ అలాంటివాళ్ళే. బెల్లం కోసం వచ్చినావిడ ముందు చింతపండు బుట్ట దగ్గర కూర్చునేది. నల్లగా ఉందనీ, పిక్కలున్నాయనీ పావుగంట దెబ్బలాడేది. మా నాన్న దాని మీద పైసా తగ్గించేవాడు కాడు. ఆవిడ లేచి, పమిట సర్దుకుని, మెట్టు దిగబోతూ ‘పోన్లెండి, ఆ బెల్లం ముక్కైనా చూసి ఇవ్వండి’ అనేది. అంతసేపూ కాదన్న మొహమాటానికి నాన్న బెల్లం మీద తగ్గించేవాడు. ఆవిడ వెళ్ళాక నాతో, “బెల్లానికే వచ్చిందిరా. చింతపండు కేసి ఒక్కసారైనా చూసిందా?” అని నవ్వేవాడు. తెలిసే తగ్గించేవాడన్నమాట. అది ఇద్దరూ ఆడే ఆట. ఇద్దరికీ తెలిసుంటేనే ఆట.

ఈ చివరి సంగతి నేను చిన్నప్పుడు చూశానే గానీ బుర్రకెక్కించుకోలేదు.

ఉద్యోగంలో ఈ విద్య నాకు బాగానే ఉపయోగపడింది. వాలీబాల్ నెట్లు కావాలంటే హెడ్మాస్టరు గారిని హైజంప్ పరుపు అడిగేవాణ్ణి. ఆయన గుండె పట్టుకుని నెట్లు ఇచ్చేవారు. అలా ఎన్నో తెచ్చాను. జిల్లాలు విడిపోయిన తర్వాత కూడా మా ఆటల కమిటీలు కొన్నాళ్ళు పాత ఉమ్మడి జిల్లా లెక్కనే నడిచాయి. కుస్తీ తరఫున రాష్ట్ర మీటింగులకు వెళ్ళే పని నా నెత్తిన పడింది కూడా ఆ పేరుతోనే. ‘మన మాస్టారైతే ఏదో ఒకటి తెస్తారు’ అనేవారు తోటివాళ్ళు. తెచ్చాను కదా మరి.

ఆ ఏడాది మీటింగు కాకినాడలో, ఒక హైస్కూల్ సైన్సు ల్యాబులో పెట్టారు. చర్చ ఒకటే. బాలికల కుస్తీలో బరువు కేటగిరీలు పది ఉన్నాయి, ఎనిమిది చెయ్యాలి. ఉన్న మ్యాట్లు రెండు, పోటీలు ముగించాల్సింది ఒక్క రోజులో, పైగా కొన్ని కేటగిరీల్లో పిల్లలే ఉండటం లేదు. అందుకని పైనొకటి, కిందొకటి తీసేద్దామన్నారు. అంటే డెబ్బై దాటినదీ పోతుంది, నలభై లోపుదీ పోతుంది.

పైది పోతే మాకు పోయేది ఏమీ లేదు. కిందిది పోతే మాత్రం కొంప మునుగుతుంది. మా జిల్లాలో తీరం పొడుగునా ఉన్న బళ్ళలో తొమ్మిది, పది చదివే ఆడపిల్లలు సన్నగా చువ్వల్లా ఉంటారు. ఆ ఒక్క కేటగిరీలోనే మాకు పదకొండు మంది ఉన్నారు. ఆ పదకొండు మందిలో ఉప్పాడ అమ్మాయి ఒకతె. వేటకెళ్ళే ఇంటి పిల్ల. వాళ్ళ పాత ఇల్లు ఏటేటా కోసుకొస్తున్న సముద్రంలో కలిసిపోతే ఊరి వెనక అద్దెకున్నారు. తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. పిల్లది పదో తరగతి, బరువు ముప్పై ఏడు కిలోలు. కాలు పట్టుకుందంటే మాత్రం ఊడదు. కిందటేడు జిల్లాలో రెండో స్థానం వచ్చింది. గెలిచిన అమ్మాయి వయసు దాటిపోయింది కాబట్టి ఈసారి వంతు ఈమెదే. రాష్ట్ర పోటీలకు వెళ్ళి ఏదో ఒక మెడల్ తెచ్చుకుంటే క్రీడా హాస్టల్లో సీటు. తిండి, ఇంటర్ చదువు అక్కడే. లేకపోతే పదో తరగతి అవగానే రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కడమే.

ఆ అమ్మాయికి కుస్తీ నేర్పింది వాళ్ళ బడి పీఈటీ. నా కూతురి వయసుది. మాట కారం. మీటింగు రోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

“మాస్టారూ, ఆ నలభై ఒక్కటీ కాపాడండి. మిగతావి ఉంటే ఉంటాయి, పోతే పోతాయి.”

“నువ్వు నిశ్చింతగా ఉండమ్మా. బేరం నాకొదిలెయ్.”

“బేరం ఎందుకండీ? అడగండి చాలు.”

ఆ మాటకు నవ్వాను. చిన్నపిల్ల, ఏం తెలుసనుకున్నాను.

నా లెక్క ఇది. నలభై కావాలంటే డెబ్బై కోసం ఏడవాలి. కమిటీ ఛైర్మన్ గారు కాదంటారు. నేను ఇంకా ఏడుస్తాను. ఆయన ఇంకా కాదంటారు. చివరికి నేను కుర్చీలో కూలబడుతూ ‘పోన్లెండి, ఆ చిన్నదైనా ఉంచండి’ అంటాను. అంతసేపు కాదన్న పాపానికి ఆయన ఇస్తారు.

నా వంతు రాగానే లేచాను.

“అయ్యా, పెద్ద కేటగిరీ తీసెయ్యడం అన్యాయం అండి. ఒళ్ళున్న పిల్లలు పిల్లలు కారాండి? ఇంట్లో వెక్కిరింతలే, బళ్ళో వెక్కిరింతలే. ఆఖరికి కుస్తీలో కూడా చోటు లేదంటే వాళ్ళెక్కడికి పోతారండి?”

నా గొంతు నాకే ముచ్చటేసింది. పక్క జిల్లా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఛైర్మన్ గారు మాత్రం నా కేసి చూడటం లేదు. ఆయనకు మోకాళ్ళ నొప్పి. సాయంత్రం రైలుంది. వాచీ చూసుకుని, కాగితం చూసుకుని, తలెత్తారు.

“అంతేనాండీ? మీకంత పట్టుదలైతే పెద్దది ఉంచేద్దాం. కిందిదొక్కటే తీసేసి తొమ్మిది చేద్దాం. రాసుకోండమ్మా” అన్నారు, తీర్మానాలు రాస్తున్న టీచరమ్మతో.

నేను నిలబడే ఉన్నాను. నోటిలో ‘పోన్లెండి’ అన్న మాట సగం దాకా వచ్చి ఆగిపోయింది. బేరమాడేవాడికి ఎదుటివాడు కాదంటే భయం ఉండదు. మొదటి మాటకే ఔనంటే ఏం చెయ్యాలో మా వంశంలో ఎవరూ నేర్పలేదు.

వెనక నుంచి ఎవరో, “అదేంటండీ, వారికొకటి ఇచ్చారు, మరి మాకు...” అని మొదలెట్టారు.

“ఇంకెవరూ ఏమీ అడగొద్దండి! ఆయనకి ఇచ్చినందుకే కదా ఇలా లేస్తున్నారు” అని ఛైర్మన్ గారు కాగితం మూసేశారు.

చప్పట్లు కొట్టారు. పక్కాయన నా వీపు నిమిరాడు. అప్పటికైనా లేచి, ‘అయ్యా, నాక్కావాల్సింది పెద్దది కాదండి, చిన్నది. అందులో మాకు పదకొండు మంది పిల్లలున్నారు’ అని చెప్పొచ్చు. చెబితే అంతసేపూ ఏడ్చింది దొంగేడుపని ఒప్పుకున్నట్టే. అందరూ మెచ్చుకుంటున్న సమయంలో ఆ పని ఎవరు చేస్తారు? నేను చెయ్యలేదు. భోజనాల్లో కాజాలు వేశారు. రెండు తిన్నాను.

బస్సెక్కకముందే ఉప్పాడ నుంచి ఫోన్.

“ఏమైందండీ మాస్టారూ?”

“ఒకటి సాధించానమ్మా.”

“నలభయ్యేనా?”

“డెబ్బై.”

వాళ్ళ బడి సముద్రానికి దగ్గర. ఆ హోరును మించి గొంతు పెంచింది.

“డెబ్బై ఎవరడిగారండీ?”

బెల్లం, చింతపండు కథంతా చెప్పాను. మొత్తం విని, “అంటే వాళ్ళు చింతపండే ఇచ్చి పంపించేశారన్నమాట” అంది. తర్వాత పెట్టేసింది.

ఆ వారమే ఛైర్మన్ గారికి ఫోన్ చేశాను. అప్పుడైనా నేరుగా అడిగానా? మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నాను. రైలు టైముకే దొరికిందా అన్నాను. ‘కింది కేటగిరీ గురించి కమిటీలో మళ్ళీ ఆలోచనేమైనా ఉందేమోనని’ అన్నాను. “పెద్దది ఇచ్చాం కదండీ, ఇంకా ఏంటండీ?” అని ఆయన విసుక్కున్నారు. ఆయన తప్పేమీ లేదు. నేను ఏం అడుగుతున్నానో ఆయనకు తెలిసే వీలే లేదు.

ఇక ఉన్న దారల్లా ఆ పిల్ల పై కేటగిరీలో ఆడటం. అంటే నలభై మూడు లోపు. ఆరు కిలోల తేడాయే కదా అనుకోకండి. కుస్తీలో నలభై మూడు లోపు ఆడేవాళ్ళు నిజంగా నలభై మూడు ఉండరు. నలభై ఆరు ఉన్నవాళ్ళు ముందు రోజంతా తిండి మానేసి, నీళ్ళు మానేసి, తూకం వేళకు నలభై మూడుకు దిగుతారు. తూకం అవ్వగానే తిని, తాగి, మ్యాట్ ఎక్కే వేళకు పైకొచ్చేస్తారు. కాబట్టి ఈ ముప్పై ఏడు కిలోల పిల్ల తలపడాల్సింది అలాంటివాళ్ళతో.

సరే, పిల్ల బరువు పెంచుదామన్నాను. నిడదవోలులో మా తమ్ముడి కొట్టు నుంచి పల్లీపట్టీలు, నేను పనిచేసే ఊరి నుంచి అరటిగెలలు, గుడ్లు మోసుకుని ఉప్పాడ వెళ్ళాను. తల్లి అప్పుడే గంప దించి కాళ్ళు కడుక్కుంటోంది.

“మేస్టారండీ, మా పిల్ల బరువు తక్కువని ఆడనివ్వరంటగా?”

“ఆడనిస్తారమ్మా. కాకపోతే పెద్దవాళ్ళతో ఆడాలి.”

“పెద్దోళ్ళతో అయితే దెబ్బలు తగలవాండి?”

నాతో వచ్చిన పీఈటీ నా కేసి చూసింది. నేను అరటిగెల కేసి చూశాను.

“మా అక్క కూతురెళ్ళే రొయ్యల కంపెనీలో మాటాడేనండి. వేను ఇంటి ముందుకే వత్తాది. మీరంతా హాస్టలూ హాస్టలూ అంటన్నారని ఆగేనండి” అంది ఆవిడ. నిష్ఠూరంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

ఆ పిల్ల పాపం తిన్నది. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం అన్నం మీద అన్నం, సాయంత్రం పల్లీపట్టీ. నేను వెళ్ళినప్పుడల్లా తూకం ఎక్కించేవాణ్ణి. అదంతా పరుగులోనే కరిగిపోయేది. ఒకసారి తూకం మీద నిలబడి, “సార్, పల్లీపట్టీ వాసనొస్తేనే కడుపు నిండిపోతుందండి. ముల్లు మాత్రం కదలట్లేదండి” అంది. రెండు నెలలకు ముప్పై ఎనిమిది దాటింది. అక్కడే ఆగిపోయింది.

జిల్లా సెలెక్షన్లు రాజమండ్రిలో, ఒక బడి హాల్లో. కుస్తీ రిఫరీలు దొరకడమే కష్టం. రెండో మ్యాట్ నాకిచ్చారు. ఆ మ్యాట్ మీదే నలభై మూడూ, డెబ్బై దాటినదీ.

ముందు నేను తెచ్చిన ఘనకార్యం సంగతి. ఆ ఒక్క అమ్మాయీ వచ్చింది. మండపేట వైపు రైతుల పిల్ల, బొద్దుగా, నవ్వు మొహం. ఎదురుగా ఎవరూ లేరు. రూలు ప్రకారం మ్యాట్ మధ్యకు పిలిచి చెయ్యెత్తాను. ఆమె జడ కూడా ముడేసుకోవాల్సిన పని పడలేదు.

“అయిపోయిందాండి?”

“అయిపోయిందమ్మా. ఫస్టు.”

“నేనేమీ చెయ్యలేదు కదండీ?”

“నువ్వు చెయ్యలేదులే. నేను చేశాను.”

ఆమెకు అర్థం కాలేదు. ‘థాంక్యూ సార్’ అని వెళ్ళి అమ్మానాన్నల దగ్గర కూర్చుని పులిహోర తిన్నది.

ఉప్పాడ పిల్ల మొదటి రెండు కుస్తీలూ గెలిచింది. ఎలా గెలిచిందో నేను మ్యాట్ మీద ఉండి కూడా సరిగా చెప్పలేను. వంగడం కనపడేది, అవతలి పిల్ల కూర్చుండిపోవడం కనపడేది. మధ్యలో ఆమె ఎటు దూరిందో తెలిసేది కాదు. హాలు హాలంతా మా మ్యాట్ చుట్టూ చేరిపోయింది. జిల్లా నుంచి కేటగిరీకి ఒక్కరే వెళ్తారు. ఫైనల్ ఒక్కటే మిగిలింది.

అవతల కోనసీమ అమ్మాయి. కొబ్బరితోట ఇంటి పిల్ల, ఎముక పుష్టి. పొద్దున తూకంలో సరిగ్గా నలభై మూడు తూగింది. తర్వాత మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తినడం, కొబ్బరినీళ్ళు తాగడం చూశాను. మంచి పిల్ల. మ్యాట్ ఎక్కేముందు నా దగ్గరకొచ్చి మెల్లగా, “సార్, ఆ పాప మరీ చిన్నగా ఉందండి. గట్టిగా పట్టొచ్చాండి?” అని అడిగింది.

“పట్టాలమ్మా. కుస్తీ అంటే అదే” అన్నాను. ఇంకేమనను?

మొదటి సగం మా పిల్లదే. నాకు మా పిల్ల, మీ పిల్ల అని ఉండకూడదు, అయినా అలాగే అంటున్నాను. రెండుసార్లు కాలు అందుకుంది, రెండుసార్లూ పడేసింది. పాయింట్లలో ముందుంది. పీఈటీ మ్యాట్ మూల కూర్చుని తువ్వాలు నోట్లో కుక్కుకుంది. విరామంలో పిల్ల నా పక్క నుంచి వెళ్తుంటే ఊపిరి వినిపించింది. చిన్న ఇంజిను పెద్ద పడవను లాగుతున్నట్టుంది.

రెండో సగంలో కోనసీమ పిల్ల కొత్తగా ఏమీ చెయ్యలేదు. మెడ మీద చెయ్యేసి ఆనుకుంది, అంతే. ఆనుకుని ఉండిపోయింది. పొద్దున తూకానికి లేని బరువంతా అప్పుడు అక్కడుంది. మా పిల్ల మోకాళ్ళు వంగాయి. మూడోసారి కాలి కోసం వెళ్ళింది, అందుకుంది కూడా, కానీ ఎత్తలేకపోయింది. అవతలి పిల్ల మీదకు ఒరిగింది. ఇద్దరూ పడ్డారు. ఈమె కింద.

రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనితే ఓటమి. అది చూడాల్సింది రిఫరీ. నేను బోర్లా పడుకుని చెంప మ్యాట్‌కి ఆనించి చూశాను. ఎడమ భుజం ఆనింది. కుడి భుజం కింద సన్నటి వెలుతురు. మా పిల్ల తన మెడ మీదే నడుమెత్తి వంతెనలా నిలబడింది. ఆ వెలుతురు ఉంది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఒక్క నిమిషం కూడా లేదు ఆట ముగియడానికి. అలా సాగితే పాయింట్ల మీద ఆమెదే గెలుపు.

ఇన్నేళ్ళ బేరాల్లో నాకు అంత చవగ్గా దొరికిన అవకాశం ఇంకొకటి లేదు. ఆ వెలుతురు నాకొక్కడికే కనిపిస్తుంది. పోయినా ఉందనుకోవచ్చు. ఎవరూ కాదనలేరు. కోనసీమ పిల్ల మొహం నా మొహానికి మూరెడు దూరంలో ఉంది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ‘గట్టిగా పట్టొచ్చాండి?’ అని నన్నడిగే పట్టింది.

వెలుతురు పోయింది. మళ్ళీ రాలేదు. అరచేత్తో మ్యాట్ మీద కొట్టి విజిల్ ఊదాను.

ఉప్పాడ పిల్ల ఏడవలేదు. లేచి అవతలి పిల్లకు చెయ్యిచ్చి, నాకు దణ్ణం పెట్టి, వెళ్ళి బూట్లు విప్పుకుంది. అవి బడివి, తిరిగి ఇచ్చెయ్యాలి. ఏడ్చింది పీఈటీ. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక మ్యాట్లు చుట్టుకుంటుంటే నేనూ ఒక చివర పట్టుకున్నాను.

“నా మీద కోపమా అమ్మా?”

“ఇవాళ చెయ్యి కొట్టినందుకు కోపం లేదండి. నేనైనా కొట్టేదాన్ని.” మ్యాట్ చివర మోకాలితో నొక్కి తాడు బిగించింది. “ఆ చెయ్యేదో ఆ రోజు మీటింగులో బల్ల మీద కొట్టుంటే బాగుండేది మాస్టారూ.”

ఆ తర్వాత ఏడాది నేను రిటైరయ్యాను. కమిటీకి నా బదులు ఆమె వెళ్ళింది. ఏం జరిగిందో ఆమే చెప్పింది. అదే ఛైర్మన్ గారట, అవే మోకాళ్ళు. ఆమె లేచి, ‘నలభై లోపు కేటగిరీలో మా జిల్లాలో పదిమందికి పైగా పిల్లలున్నారండి, డెబ్బై దాటినదాంట్లో ఒక్కరే ఉన్నారండి, చిన్నది తిరిగి పెట్టండి’ అన్నదట. ఆయన తలెత్తి, “అంతమంది ఉన్నారా? ఈ సంగతి ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదేంటండీ?” అన్నారట. అక్కడే రాయించేశారు. మిగతా జిల్లాలవాళ్ళూ మాకూ అలాగే ఉందన్నారట. టీ కూడా రాకముందే అయిపోయిందట.

మొన్నీమధ్య కాకినాడ బస్టాండులో ఎవరో ‘సార్!’ అని పిలిచారు. నలుగురమ్మాయిలు కంపెనీ టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అందులో ఒకతె ముందుకొచ్చింది.

“నువ్వా?”

“ఆయ్, నేనేనండి. బాగున్నారాండి?”

ఉప్పాడ పిల్లే. రొయ్యల కంపెనీలోనే ఉంది. ఇంటర్‌కి ప్రైవేటుగా కడుతుందట, పీఈటీ కట్టిస్తోందట. ఆదివారాలు వీలైతే బడికెళ్ళి చిన్నపిల్లలకు కాలు పట్టు చూపిస్తుందట. చేతివేళ్ళు నీళ్ళలో నానిపోయి తెల్లగా ఉన్నాయి. నేనేమీ అడగకుండానే నవ్వుతూ చెప్పింది.

“ఇప్పుడు నలభై నాలుగున్నానండి. కేంటీన్లో తిండి బాగుంటాదండి. ఇప్పుడైతే సరిపోయేదాన్నండి.”

బస్సొచ్చింది. ఎక్కేసింది.

ఇక లెక్క చూసుకుందాం. కొట్లో పుట్టినవాణ్ణి, లెక్క తేల్చకుండా లేవలేను. ఆ రోజు కాకినాడ నుంచి నేను తెచ్చింది: ఒక కేటగిరీ, అందులో ఒక పిల్ల, ఆ పిల్ల అడగని ఒక మెడల్, నాకు చప్పట్లు, రెండు కాజాలు. ఇచ్చి వచ్చింది: ఒక కేటగిరీ, అందులో పదకొండు మంది. వాళ్ళలో పదిమంది ఆ ఏడాది కుస్తీ మానేశారు. మిగిలిన ఒక్కతె ఆడి ఓడింది. ఆ హాస్టల్ సీటు ఆమెకు తప్పకుండా వచ్చేదని చెప్పను, అది ఎక్కువ రాసుకోవడం అవుతుంది. రావడానికి దారి ఉండేది. ఆ దారి ధర ఒక్క మాట. ఆ మాట నా నోట్లోనే ఉంది. ఇంకా తగ్గిస్తారేమోనని ఆగాను.